మెచ్చి కప్పిన మేకతోలు

"పసిపిల్లల నోటి దగ్గర పాలగ్లాసు లాక్కున్నది మీరు! మీ సభ, మీ కమిషనరు, ఆ పైన రాజధానిలో కూర్చుని కత్తెర ఆడించే ఆ మారాజులు! లాక్కున్నది చాల్లేదూ? ఇప్పుడు మిగిలిన ఆ ఒక్క తలుపూ నన్నే మూసుకోమంటున్నావా? నా ఇంట్లో కూర్చుని, నా చేతి వంట తింటూ?"

పెద్దమ్మ గరిటెను గిన్నెలో పడేసింది. ఆ చప్పుడుకి పక్కింటి కిటికీ సగం తెరుచుకుంది.

కోడలు తలెత్తలేదు. కంచంలో కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

"తింటూ కాదత్తయ్యా. ఇంకా మొదలుపెట్టలేదు."

"మాటకి మాట! కౌన్సిలరువి కదా, సభలో నేర్చావు. అక్కడ మూసుకున్న నోరు ఇక్కడ తెరుస్తున్నావు."

గుమ్మంలో డ్రైవరు చెప్పులు విప్పబోయి ఆగిపోయాడు. సిటీ బస్సు తోలి తోలి అలిసి వచ్చినవాడు. ఒకరికి కొడుకు, ఇంకొకరికి మొగుడు. లోపలికి రావాలా, ఇంకో ట్రిప్పు వేసుకుని రావాలా అన్న అనుమానం అతని మొహం మీద రాసినట్టు కనిపించింది.

"డిపోలో ఏదో మర్చిపోయినట్టున్నాను," అన్నాడు.

"కూర్చో!" అంది తల్లి. "కూర్చోండి!" అంది పెళ్ళాం. రెండూ ఒకేసారి.

కూర్చున్నాడు. ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద నిలబడింది అక్కడే.

"విన్నావా నీ పెళ్ళాం ఏమంటోందో? రేపు పిల్లల ఇల్లు తెరవొద్దట. రేపే! రాజధాని నుంచి పెద్దాఫీసరు పనిగట్టుకుని నన్ను మెచ్చుకోవడానికి వస్తుంటే, నేను తాళం వేసుకుని ఇంట్లో ముసుగు తన్ని పడుకోవాలట."

"ఆయన వస్తున్నాడనే వద్దంటున్నాను," అంది కోడలు.

పిల్లల ఇల్లు మునిసిపాలిటీది. పనికిపోయే తల్లులు పొద్దున్నే బిడ్డల్ని దింపి, సాయంత్రం ఎత్తుకుపోయే చోటు. ఊరికి రావలసిన వాటాలో రాష్ట్రం కోత పెట్టింది. "ఇక మీ కాళ్ళ మీద మీరు నిలబడండి" అని నీతులు చెప్పింది. నిలబడమన్నవాళ్ళే ముందు కాళ్ళు నరికారు. పోనీ పెద్ద పెద్ద దుకాణాల మీద నాలుగు రాళ్ళు పన్ను వేసుకుంటామని ఊరంటే, దానికీ వీల్లేదంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

అప్పుడు కమిషనరు కత్తి పట్టుకున్నాడు. నీళ్ళు కోస్తే జనం ఖాళీ బకెట్లతో రోడ్డెక్కుతారు. మురుగు కోస్తే కంపు పెద్దవాళ్ళ మేడలకీ ఎక్కుతుంది. అందుకని అరవలేనివాటిని కోశాడు. గ్రంథాలయం తలుపు. సందుల్లో దీపాలు. ఆఖరికి పిల్లల ఇల్లు. పిల్లలు ఏడుస్తారు, నిజమే. కానీ సభలోకి వచ్చి ఏడవరు కదా!

జీతాలు ఆపేశామని చెప్పిన మర్నాడు, ఆ ఇల్లు నడిపే పెద్దమ్మ మామూలు వేళకే వెళ్ళి తలుపు తీసింది. వెనకే ఇద్దరు ఆయాలూ వచ్చారు. పిల్లలకి స్నానాలు చేయించే పొడుగామె, జోకొట్టే పాటలమ్మాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. తల్లులు తలా చెంబెడు పాలు తెచ్చారు. వీధి చివరి వడ్రంగి ఊగిపోతున్న ఉయ్యాలకి తనే వచ్చి మేకులు కొట్టి వెళ్ళాడు. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట కూడా ఆ ఇల్లు మూతపడలేదు. ఊరు గొప్పగా చెప్పుకుంది. చెప్పుకోదగ్గదే మరి! తల్లి ఒడి ఎరిగినవాడెవడైనా చేతులెత్తి దండం పెట్టవలసిన పని అది.

ఆ గొప్పే ఇప్పుడు ఇంట్లో చిచ్చు పెట్టింది.

"ఇవాళ కమిషనరు గదిలో ఏం జరిగిందో చెప్తాను. ముందు వినండి, తర్వాత తిట్టండి," అంది కోడలు.

"రెండూ ఒకేసారి చెయ్యగలను. చెప్పు."

"రేపు ఆయన మీకు ప్రశంసాపత్రం ఇస్తాడు. ఫోటో తీస్తారు. ఆ ఫోటో రాష్ట్రంలో ఊరూరికీ పంపిస్తారట. దాని కింద ఏం అచ్చు వేస్తారో తెలుసా? 'నిధులు లేకపోయినా సేవ ఆగదు' అని."

"నిజమేగా? ఆగలేదుగా?"

"అదే కదా వాళ్ళకి కావలసింది! ఇక ఆసుపత్రి కూడా 'పిల్లల ఇంటి పద్ధతి'లోనే నడుపుతారట. నర్సులు జీతం లేకుండా వచ్చి సూదులు వెయ్యాలి. తర్వాత ఫైరింజన్ వాళ్ళు. ఆ మాట చెప్పి కమిషనరు నా వంక చూసి నవ్వాడు. 'మాకు దారి చూపించింది మీ అత్తగారేనమ్మా' అన్నాడు."

పెద్దమ్మ పొయ్యి వైపు తిరిగింది. మంట తగ్గించింది. మళ్ళీ పెంచింది.

"మెచ్చి మేకతోలు కప్పడమంటే ఇదేనేమో," అన్నాడు డ్రైవరు కంచంలోకి చూస్తూ.

"నువ్వు నోరు మూసుకుని తిను."

కానీ ఆ మాటలో మొదటి వేడి లేదు. కోడలు అది కనిపెట్టింది.

"అత్తయ్యా, దెబ్బ పడింది. దాన్ని మీరు అడ్డం నిలబడి మీ వీపు మీద కాశారు. అందుకే ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. కోసినవాళ్ళకి నెత్తురు కనపడలేదు. కనపడకపోతే, ఇంకొంచెం కోద్దామనుకోరూ?"

"అయితే పిల్లల నెత్తురు చూపించమంటావా?"

కోడలు కలిపిన ముద్దనే మళ్ళీ కలిపింది.

"చెప్పు! ఉపన్యాసం బాగానే ఉంది. ఆసుపత్రిలో నేల తుడిచేదాని కవలలు రేపు ఎక్కడికి పోతారు? కుట్టు ఫ్యాక్టరీ పిల్ల తన కూతుర్ని ఏం చేస్తుంది? గదిలో పెట్టి బయట గడియ పెట్టుకుని పోతుంది. అది కిటికీ కమ్మీలు పట్టుకుని పొద్దుగూకేదాకా నిలబడుతుంది. పిల్లల ఇల్లు రాకముందు ఈ పేటలో అలా నిలబడ్డ పిల్లల్ని నేను చూశానే. నువ్వు చూళ్ళేదు. నీ కూతురు అక్కడే నడక నేర్చింది."

"తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా?"

"తెలిసే అడుగుతున్నాను."

కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. డ్రైవరు లేచి గట్టిగా తిప్పి వచ్చాడు.

"ఆ రోజు సభలో ఒప్పుకున్నది నువ్వే," అంది పెద్దమ్మ. ఈసారి అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఒప్పుకున్నాను. ఆసుపత్రా, పిల్లల ఇల్లా, ఒక్కటే ఉంచుతామన్నారు. ఆసుపత్రి అన్నాను. జ్వరంతో వచ్చినవాణ్ణి వెనక్కి పంపకూడదని అన్నాను. ఇప్పుడు అదీ మింగుతున్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ తప్పు నాది. మీరు మళ్ళీ అదే చెయ్యకండి. మనం ఒకటి ఒదులుకుని ఇంకోటి కాపాడుకుందామనుకుంటాం. వాళ్ళు రెండూ తీసుకుపోతారు."

పెద్దమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నా ఊపిరున్నంతకాలం ఆ తలుపు తీస్తాను. నువ్వు కౌన్సిలరువైతే నాకేం, గవర్నరువైతే నాకేం."

గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు. ఆవిడకి తలుపులు వేసే అలవాటే లేదు.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేనెవరి పక్కనో చెప్పమంటావా?"

"వద్దు. ఎవరి పక్కనున్నా, రెండోవాళ్ళు మీకు అన్నం పెట్టరు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కంచంలో ముద్ద ఎండిపోయింది.

*

పొద్దున్నే అత్తగారు బయలుదేరితే, కోడలు ఏమీ అనకుండా వెనకే నడిచింది. పెద్దమ్మ అంగలు పెద్దవి. కోడలు దాదాపు పరిగెత్తవలసి వచ్చింది.

పిల్లల ఇల్లు ఒకప్పుడు మునిసిపాలిటీ సామాన్ల కొట్టు. పొడుగాటి గది, పిల్లల ఎత్తుకి దింపిన కిటికీలు, గోడలకి కిందిసగం మాత్రమే రంగు. పైసగానికి రంగెందుకు, అక్కడికి ఎవరూ అందరు కదా అని పెద్దమ్మ అప్పట్లో కాంట్రాక్టరు దగ్గర వాదించి, ఆ మిగిలిన రంగుతో చిన్న చిన్న బల్లలకి పూత వేయించింది.

గుమ్మంలో ఓ కొత్త తల్లి నిలబడి ఉంది. చంకలో పిల్లాడు ఆమె మెడ పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆమె వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తోంది.

"ఆగు, ఆగు. తియ్యకు," అంది పెద్దమ్మ. "నువ్వే కూర్చో."

"నాకు పనికి టైమవుతోందమ్మా."

"కాసేపు కూర్చోవే తల్లీ. లాక్కుంటే వాడు రేపు కూడా ఏడుస్తాడు. వాడంతట వాడు దిగితే రేపు నీకు చెయ్యి కూడా ఊపడు."

ఆమెను నేల మీద కూర్చోబెట్టి, పెద్దమ్మ తనూ పక్కన చతికిలబడింది. పిల్లాడి వంక చూడనైనా లేదు. ఓ చెక్క బొంగరం తీసి తనలో తానే ఆడుకుంటున్నట్టు తిప్పింది. పడిపోతే "అయ్యో" అని తననే తిట్టుకుంది. ఇంకోసారి తిప్పింది. పిల్లాడి ఏడుపు ఎక్కిళ్ళయింది. ఎక్కిళ్ళు చూపయ్యాయి. కాసేపటికి వాడు తల్లి ఒళ్ళోంచి జారి, పెద్దమ్మకి ఎలా తిప్పాలో నేర్పడానికి వచ్చాడు.

తల్లి కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "సాయంత్రం ఓ అరగంట అటూ ఇటూ అయినా..."

"ఎప్పుడొస్తే అప్పుడే. ఇక్కడెవరూ ఎందుకాలస్యమని అడగరు. పో."

అది ఆ ఇంటి పద్ధతి. ఆఖరి బిడ్డ వెళ్ళేదాకా తలుపు మూయరు. ఆలస్యంగా వచ్చిన తల్లిని కారణం అడగరు. ఇంటి దగ్గర, పని దగ్గర అందరికీ జవాబు చెప్పుకుని వచ్చే ఆడదానికి జవాబు చెప్పనక్కర్లేని చోటు ఒక్కటుండాలి అనేది పెద్దమ్మ.

కోడలు గోడకి ఆనుకుని చూస్తూ నిలబడిపోయింది. రాత్రి తను మాట్లాడిందంతా నిజమే. ఈ బొంగరం కూడా నిజమే. దీన్ని మూయమని ఏ నోటితో అడిగాను అనుకుంది. ఎలా అడక్కుండా ఉండగలను అనీ అనుకుంది.

అప్పుడు పొడుగామె వచ్చింది. పిల్లల స్నానాల వేళ దాటాక వచ్చింది. చేతులు రెండూ నీళ్ళల్లో నానినట్టు పాలిపోయి, వేళ్ళ సందుల్లో పగిలి ఉన్నాయి. ఒంటి నుంచి ఘాటుగా ఫినాయిలు వాసన.

"వచ్చావా, మంచిది. నీళ్ళు కాగాయి," అంది పెద్దమ్మ ఎప్పటిలాగే.

పొడుగామె తొట్టి దగ్గరికి వెళ్ళలేదు.

"పెద్దమ్మా, రేపట్నుంచి నేను రానండి."

"ఒంట్లో బాగాలేదా?"

"ఫ్యాక్టరీలో చేరుతున్నాను." గోడకున్న తువ్వాలు తీసి చేతుల్లో నలిపింది. "నా చిన్నదాన్ని ఇక్కడ చేర్చుకుంటారా?"

గదిలో ఎవరో పిల్ల గిన్నె బోర్లించి వాయిస్తోంది. పాటలమ్మాయి వెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది.

"మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావే?" అంది పెద్దమ్మ.

"తెల్లారకముందే లేచి ఆఫీసు మేడలు తుడిచి వస్తున్నానండి. సాయంత్రం ఇటునుంచి ఇటే ఇంకో మేడ. ఇక నడుం పనిచెయ్యట్లేదు. నిన్న ఓ పసిదాన్ని తొట్టిలోంచి ఎత్తుతుంటే నా చేతులు జారాయి. మీరు అటు తిరిగి ఉన్నారు. దానికేం కాలేదు. అయితే ఏమయ్యేదో అని రాత్రంతా నిద్ర లేదు."

"నాకెందుకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదండీ."

మెల్లగా, కోపం లేకుండా అంది. కోపంగా అన్నా అంత తగిలేది కాదు.

"ఆలస్యమైతే ఎందుకని అడగకూడదన్నది మీ పద్ధతి. తల్లులకి అది మంచిదే. నన్నూ అడగలేదు. మీరు వచ్చి తలుపు తీస్తుంటే, నేను రానని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు."

పెద్దమ్మ నోరు తెరిచింది. పేటకి పేట భయపడే నోరు అది. మునిసిపాలిటీ ఇంజనీర్లని గుమ్మంలోంచే తిప్పి పంపిన నోరు. అదే నోరు ఇప్పుడు ఊరికే తెరుచుకుని మూతపడింది.

ఆవిడ లేచి, పొడుగామె చేతిలోంచి తువ్వాలు తీసుకుంది. "నువ్వు కాసేపు కూర్చో," అంది. తొట్టి దగ్గర తనే మోకాళ్ళ మీద వంగి స్నానాలు మొదలుపెట్టింది. కోడలు వెళ్ళి చెంబు అందుకుంది. ఒకరు పొయ్యడం, ఒకరు రుద్దడం. నలుగురైదుగురు పిల్లలయ్యారు.

"నా గొప్పకోసం వాళ్ళ నడుం విరగ్గొట్టానా?" అంది పెద్దమ్మ, నీళ్ళలోకి చూస్తూ.

అవునంటే వాదం గెలిచేది. రాత్రి నుంచీ గెలవాలనుకున్న వాదమే. కోడలు చెంబు దించింది.

"లేదత్తయ్యా. మీరు వంగారు, మిమ్మల్ని చూసి వాళ్ళూ వంగారు. అందరి మీదా బరువు పెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు ఈ మధ్యాహ్నం వస్తున్నారు."

"తలుపు మూసి పిల్లల్ని వీధిలో నిలబెట్టలేనే."

"నాకు తెలుసు."

"ఇలా నడపనూ లేను." ఆవిడ ఓ పిల్లాడి చెవి వెనక సబ్బు నురగ తుడిచింది. "ఏదో ఒకటి తోస్తుందిలే. వాళ్ళని రానీ."

*

వచ్చారు. సరిగ్గా పిల్లలు పడుకునే వేళకి వచ్చారు. పిల్లల ఇంటికి ఎప్పుడు రాకూడదో తెలియనివాళ్ళే పిల్లల ఇంటి మీద నిర్ణయాలు తీసుకుంటారు.

పరదాలు దించి ఉన్నాయి. చాపల మీద వరసగా పిల్లలు. పెద్దమ్మ వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి అరికాలు బొటనవేలితో మెత్తగా నొక్కుతోంది. కళ్ళు మూసుకున్న పిల్లకి పెద్దమ్మ ఇక్కడే ఉందని తెలియాలి. తెలిస్తే నిద్ర పడుతుంది. పాటలమ్మాయి మూలన కూర్చుని మాటల్లేని పాట ఏదో తీస్తోంది.

గుమ్మంలో బూట్లు కిర్రుమన్నాయి.

"ఉష్!" అంది పెద్దమ్మ తిరిగి చూడకుండానే. "విప్పి రండి."

రాజధాని పెద్దాఫీసరు, కమిషనరు, ఫోటోగ్రాఫరు ముగ్గురూ బూట్లు విప్పారు. పెద్దాఫీసరు మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. కమిషనరు అది చూడనట్టు పైకప్పుని పరీక్షించాడు. వాళ్ళ వెనకే, ఇంకేదో మీటింగు నుంచి పరుగున వచ్చినట్టు, ఒకరిద్దరు విలేఖర్లు కూడా తొంగిచూశారు.

"అమ్మా, మీరు రాష్ట్రానికే ఆదర్శం," అన్నాడు పెద్దాఫీసరు చేతులు జోడించి.

"మెల్లగా."

ఆయన గొంతు తగ్గించాడు. ఆ తర్వాత జరిగిన యుద్ధమంతా గుసగుసల్లోనే జరిగింది.

"మీలాంటివారు ఊరికి పదిమంది ఉంటే చాలు. ప్రభుత్వానికి ఖర్చే ఉండదు."

"బాబూ, నీకు జీతం వస్తుందా?"

ఆయన నవ్వాడు. "వస్తుందమ్మా."

"ఆపేస్తే రేపు ఆఫీసుకి వెళ్తావా?"

"మాకూ ఇల్లూ వాకిలీ, బాధ్యతలూ ఉంటాయి కదమ్మా..."

"దానికీ ఉన్నాయి." గోడవార కూర్చున్న పొడుగామెని చూపించింది. "ఆఫీసు మేడలు తుడుస్తుంది. నీ మేడ కూడానేమో. తుడిచి, వచ్చి, ఈ పిల్లలకి స్నానం చేయిస్తుంది. నిన్న చేతులు జారాయి. నువ్విచ్చే కాగితం ఆ చేతుల్లో పెట్టమంటావా?"

ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. పెద్దమ్మ వేలు చూపించింది. దించాడు.

కమిషనరు ముందుకి వంగాడు. "పెద్దమ్మా, ఇప్పుడు అవన్నీ ఎందుకు? పెద్దవాళ్ళు దూరం నుంచి వచ్చారు. ఒక్క ఫోటో..."

"రేపు తీసుకో. రేపు బాగుంటుంది. ఈ గదికి రేపు తాళం వేస్తున్నాను."

కోడలు ఉలిక్కిపడింది. కమిషనరు మొహం పాలిపోయింది. ఆదర్శ కేంద్రం అని అచ్చు వేశాక తాళం పడితే ఎలా?

"మూసేస్తారా? పిల్లలేమైపోతారు?" అన్నాడు. జీతాలు కోసిననాడు రాని ప్రశ్న, ఇవాళ వచ్చింది.

"పిల్లలకేం? మీ సభామందిరానికి వస్తారు. పెద్ద హాలట కదా, చల్లగా ఉంటుందట. సభ ఉన్న రోజుల కంటే లేని రోజులే ఎక్కువని మా కోడలు చెప్పింది. మేమూ వస్తాం. పిల్లలకి దెబ్బ తగలకుండా చూస్తాం, అంతే. పాలు మీరు కాచండి. ముక్కులు మీరు తుడవండి. ఒంటికీ రెంటికీ మీరు తీసుకెళ్ళండి. మా జీతాలు వచ్చిన పూట మేం పనిలోకి దిగుతాం."

కోడలు అత్తగారి వంక చూస్తూ ఉండిపోయింది. మూయమని తను అంది. మూయనని ఆవిడ అంది. రాత్రంతా ఇద్దరూ ఆ రెండింటి మధ్యే కొట్టుకున్నారు. తలుపు మూయడం కాదు, తలుపుని మోసుకెళ్ళి కోసినవాడి ఇంటి ముందు నిలబెట్టడం అన్న ఆలోచన, సభలు చూసిన తనకి రాలేదు. స్నానపు తొట్టి దగ్గర మోకాళ్ళ మీద వంగిన మనిషికి వచ్చింది. ఈ మనిషి ఇంట్లోనా నేను కోడల్ని అనుకుంది.

"కుదరదు," అన్నాడు కమిషనరు. గుసగుసలో కూడా ఆఫీసు గొంతే. "నిబంధనలు ఒప్పుకోవు. హాలు బయటివాళ్ళకి ఇవ్వాలంటే ఎవరో ఒక కౌన్సిలరు తన బాధ్యత మీద అడగాలి."

అన్నాక, నాలుక కరుచుకున్నాడు. అందరూ కోడలి వైపు తిరిగారు.

"అమ్మా, తొందరపడకండి," అన్నాడు, ఈసారి చాలా మెత్తగా. "మీ పదవి సంగతి ఆలోచించుకోండి. ఆసుపత్రి మీద ఇంకా చర్చ జరగాలి. ఆ చర్చలో మీరుండాలా వద్దా? పై నుంచి మాట వస్తే సభనే రద్దు చేస్తారు. అప్పుడు ఆసుపత్రి తరఫున మాట్లాడే ఆ ఒక్క గొంతూ ఉండదు. అంతా మా చేతుల్లోకి వస్తుంది."

పెద్దాఫీసరు కాదనలేదు. ప్రశంసాపత్రం చుట్టచుట్టి అరచేతిలో తట్టుకుంటున్నాడు.

ఒక పక్క ఆసుపత్రి. ఇంకో పక్క పిల్లల ఇల్లు. మళ్ళీ అదే. రెండింటిలో ఒకటి కోరుకోమనడం. ఒకసారి ఆ మాట నమ్మింది. నమ్మి పోగొట్టుకుంది.

కోడలు అత్తగారి కళ్ళలోకి చూసింది. ఒప్పుకోమని గానీ వద్దని గానీ ఆ కళ్ళు ఏమీ చెప్పలేదు. పెద్దమ్మ ఓ పిల్లదాని అరికాలు మీద వేలు ఉంచి, అలాగే నిలబడి ఉంది. గోడవారనుంచి పొడుగామె లేచి నిలబడింది.

"అడుగుతున్నాను," అంది కోడలు.

గుసగుసగా కాదు. సభలో మాట్లాడే గొంతుతో అంది. గది నాలుగు మూలలా మోగింది.

చాప మీద ఓ పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు. వాడి పక్కది ఏడుపు అందుకుంది. పరదాల చీకట్లో ఒక్కొక్క తలే పైకి లేచింది. పాటలమ్మాయి పాట ఆపేసింది. నిద్రపోయే పిల్లల దగ్గర గొంతెత్తినవాళ్ళని ఈ గదిలో ఎన్నడూ వదిలిపెట్టని పెద్దమ్మ, ఈసారి ఉష్ అనలేదు.

"నా బాధ్యత మీదే అడుగుతున్నాను. విలేఖర్లు ఇక్కడే ఉన్నారు, రాసుకోమనండి. నన్ను తీసేస్తారో, సభనే తీసేస్తారో మీ ఇష్టం. రేపు పొద్దున్నకి ఆ హాల్లో కుర్చీలు ఎత్తించండి. నేల కడిగించండి. పాలకి పొయ్యి పెట్టించండి."

పెద్దాఫీసరు ఏదో అనబోయాడు. ఏడుపుల్లో అది ఎవరికీ వినపడలేదు. ఆమె గొంతు మాత్రం వినపడింది.

"ఆసుపత్రి మీద చెయ్యి తియ్యండి. వీళ్ళ జీతాలు, ఆగిన రోజు నుంచి లెక్కకట్టి వీళ్ళ చేతుల్లో పెట్టండి. ఈ ఊరి వాటా కోసింది కోసినట్టు తిరిగి తెచ్చివ్వండి. అది తెచ్చేదాకా మమ్మల్ని మెచ్చుకోవద్దు. ఒక్క మాట కూడా మెచ్చుకోవద్దు."